రైస్‌మిల్లు పక్కన మిస్త్రీ

పోయిన గురువారం పొద్దున ఏడు గంటలకు రాయచూరు స్పేర్ పార్టుల దుకాణం ఆయన ఫోన్ చేశాడు. "టీచరమ్మా, మిస్త్రీ పోయిండు. తెల్లారుగట్ల, నిద్రలనే. మధ్యాహ్నం నమాజ్ అయినంక తీస్కపోతరు" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, మా వారికి మందులు వేసి, పక్కింటామెను కూర్చోబెట్టి, గిల్లేసూగూరు నుంచి కారు తీసుకుని బయలుదేరాను. దారిలో కారు ఎక్కడా మొరాయించలేదు. అది మొరాయించకుండా చూసిన మనిషి ఇంటికే దాన్ని నడుపుకుంటూ వెళ్తున్నానన్న సంగతి ఊళ్ళోకి వచ్చాక గాని నాకు తట్టలేదు.

వాళ్ళ వీధిలో అప్పటికే చాలా బండ్లు నిలబడి ఉన్నాయి. అలవాటు కొద్దీ వాటిని చూశాను. ఒక్కటి కూడా ఇరవై ఏళ్ళ లోపుది లేదు.

మీలో పాత కారు నడిపేవాళ్ళు కొందరైనా ఉంటారని ఇది రాస్తున్నాను. ఆయన గొప్పవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. ఆయన చేసినది ఒకటి ఉంది. మూడూ ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

మాది అంబాసిడర్. మా వారు థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నది. నేను అక్కడి కాలనీ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇద్దరం రిటైరయ్యాక గిల్లేసూగూరులో కాలువ కింద కాస్త పొలం చూసుకుని స్థిరపడ్డాం. కారుకు నేనొక పుస్తకం పెట్టాను. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ భాగం మార్చాం, పాతది ఎన్నాళ్ళు పనిచేసింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం ప్రకారం ఈ మిస్త్రీ మా కారును ఇరవై రెండేళ్ళు చూశాడు.

ఆయన షెడ్డు రాయచూరు పొలిమేరలో ఒక రైస్‌మిల్లు గోడను ఆనుకుని ఉండేది. మిల్లు ఆడుతున్నంతసేపు అక్కడ అరిస్తే గాని మనిషి మాట మనిషికి వినపడదు. అందుకని ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కారు తెచ్చినవాడు బండిలో వచ్చే శబ్దాన్ని నోటితో చేసి చూపాలి. ప్లీడరైనా, డాక్టరైనా, లారీ డ్రైవరైనా ఆయన ఎదురుగా నిలబడి కూయాలి, బుసకొట్టాలి, దగ్గాలి. ఆయన నడుము మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళ మొహంలోకే చూసేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను కారు పుస్తకం తెరిచి ఫిర్యాదు చదవబోయాను.

"గది పక్కన పెట్టు టీచరమ్మా. ఎట్ల మొత్తుకుంటుందో నువ్వు మొత్తుకొని చూపు."

"నేను బడి పంతులమ్మను. నడిరోడ్డు మీద కప్పలా అరవను."

"కప్ప లెక్కనా? కప్పయితే కింద రబ్బరు బుష్షు పోయినట్టు. పిచ్చుకయితే ఫ్యాను బెల్టు. పిల్లికూన అయితే డైనమో. నువ్వు అరిస్తే గదా ఏ జంతువో తెలిసేది!"

అక్కడున్న లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. నాకు నచ్చలేదు. ఆయన నన్ను 'నువ్వు' అనడం కూడా నచ్చలేదు. అది ఆ ఊరి మాటతీరని, అందులో అమర్యాద లేదని తరువాత తెలిసింది. ఆ రోజు నా బదులు మా వారు ముందుకొచ్చి "కిచ్ కిచ్ కిచ్" అన్నారు. ఎంత బాగా చేశారంటే మిస్త్రీ బానెట్ ఎత్తకుండానే బెల్టు తేవడానికి మనిషిని పంపాడు. ఆనాటి నుంచి శబ్దాల పని మా వారిది, పుస్తకం పని నాది.

ఆయన చెప్పిన జాగ్రత్తలు చాలావరకు నా పుస్తకం చివరి పేజీల్లో ఉన్నాయి. పాత భాగం చేతిలో పట్టుకుని గాని కొత్త భాగం కొనడానికి వెళ్ళకూడదు. డబ్బా మీద రాసినది కాదు, ఇనుము మీద చెక్కిన నంబరు చూడాలి. నంబరు లేకపోతే రెండు చేతుల్లో రెండూ పట్టుకుని బరువు చూడాలి. కొత్తది తేలికగా ఉంటే దుకాణంలోనే వదిలెయ్యాలి. మన ఎండలకు ఇంజనుకన్నా ముందు రబ్బరు చస్తుంది కాబట్టి శివరాత్రి దాటగానే రేడియేటర్ గొట్టాలు చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడాలి. మెత్తబడినా, గట్టిపడి పెళుసెక్కినా మార్చాలి. కారును వాడకుండా పెట్టినవాళ్ళు వారానికోసారి ఉన్నచోటే స్టార్టు చేసి ఆపేస్తారు. అది మంచంలో ఉన్న మనిషికి అన్నం పెట్టి నడిపించకపోవడం లాంటిదనేవాడు. పది కిలోమీటర్లు తిప్పాల్సిందే. నిలబెట్టే చోట ఒక అట్టముక్క పరిచి పొద్దున చూసుకోవాలి. నల్ల చుక్క ఇంజను ఆయిలు, ఆకుపచ్చ చుక్క రేడియేటరు నీళ్ళు. చక్రం పక్కన తడి కనిపిస్తే అది బ్రేకు ఆయిలు, ఆ రోజు కారు తీయకూడదు.

మరొకటి నేను ఇప్పటికీ ప్రతి ప్రయాణం తరువాతా చేస్తాను. దిగగానే నాలుగు చక్రాల నడిమి భాగాలకూ దగ్గరగా చెయ్యి పెట్టి చూడాలి. "మూడు ఒక తీరు ఉండి ఒక్కటి కాలుతున్నదంటే, దానికి ఏదో చెప్పేదున్నది" అనేవాడు. నేను ఇది ఆలస్యంగా మొదలుపెట్టాను. ఏం జరిగాక మొదలుపెట్టానో చెప్తాను.

నాలుగేళ్ళ కింద మా వారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కాలికి చేతికి వ్యాయామం చేయించడానికి వారానికి రెండుసార్లు రాయచూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆయన బస్సు ఎక్కలేరు. అందుకని కారు నా చేతికి వచ్చింది. కారుతో పాటు మిస్త్రీ దగ్గరికి వెళ్ళే పని కూడా.

ఒకరోజు కారు ముందు కుడి చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. షెడ్డుకు తీసుకెళ్ళాను. ఎప్పటిలాగే మిల్లు హోరు. ఆయన వచ్చి ఎదురుగా నిలబడి, "ఊఁ, చెయ్యి" అన్నాడు. చుట్టూ నలుగురు మగవాళ్ళు ఉన్నారు. నేను పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఇచ్చాను. "ముందు కుడి చక్రం: రాపిడి. బహుశా బ్రేకు" అని రాసి ఉంది. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఎవరో చదివి పెట్టారు.

"రాపిడంటే ఎట్ల? గీకినట్టా, గురక పెట్టినట్టా?"

"రాపిడి. అంతే" అన్నాను.

ఆయన చక్రం విప్పి, బ్రేకు షూలు తీసి, తుడిచి, సర్ది పెట్టాడు. జాకీ మీద చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూశాడు. వదులు లేదు. తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపాడు. నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చాం. ఆ చప్పుడు అలాగే ఉంది. "అదిగో, వస్తోంది" అన్నాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. బదులు పలకలేదు. మళ్ళీ అన్నాను. పలకలేదు. షెడ్డుకు వచ్చాక, "ఏం లేదు టీచరమ్మా, మంచిగున్నది" అన్నాడు.

నా మాట అంటే లెక్క లేదని అనుకున్నాను. ఒక పంతులమ్మకు కారు గురించి ఏం తెలుసనుకుని ఉంటాడని మనసులో పెట్టుకున్నాను. ఇంకో మిస్త్రీకి చూపించలేదు. పుస్తకంలో "బ్రేకు సరిచేయబడినది" అని రాసుకున్నాను.

నాలుగో రోజు ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో మా వారు ఎడమ చేత్తో తలుపును బాదడం మొదలుపెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చే రోజున ఆయనకు చికాకు ఎక్కువ. "కాసేపు ఓర్చుకోండి, ఇంటికే పోతున్నాం" అని మందలించాను. ఆయన ఆపలేదు. దాదాపు కిలోమీటరు దూరం బాదారు. అంతలో కాలిన వాసన వచ్చింది. స్టీరింగు కుడివైపుకు లాక్కుపోయింది. ఎదురుగా వడ్ల లారీ వస్తోంది. నేను బలమంతా పెట్టి ఎడమకు తిప్పాను. లారీ మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు రోడ్డు పక్క మట్టిలో ఆగింది. కుడి చక్రం మధ్యలోంచి పొగ వస్తోంది. మా వారికి దెబ్బ ఏమీ తగల్లేదు. ఆయన నా వైపు చూసిన చూపు గురించి రాయను.

సాయంత్రం ఒక ట్రాక్టరు కారును షెడ్డుకు లాగి చేర్చింది. మర్నాడు పొద్దున బస్సులో వెళ్ళాను. ఏమేమి అనాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. షెడ్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. మా కారు ముందు నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. "మిస్త్రీ!" అన్నాను. కదలలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అప్పుడు గమనించాను. మిల్లు ఆడడం లేదు. షెడ్డు అంతా నిశ్శబ్దంగా ఉంది.

మొదటి బెంచీలో కూర్చుని నా నోటి వైపే చూస్తూ, నేను నల్లబల్ల వైపు తిరగగానే తెల్లమొహం వేసే పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉండేవారు. వాళ్ళను నేను వారంలో పట్టుకునేదాన్ని. ఈయనను పట్టుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఉలిక్కిపడి లేచాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"ఏంది?"

"చెవులు."

చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఏం లేదు టీచరమ్మా. ఈ మిల్లు చప్పుడుల ఎవలికి ఏం వినవడతది?"

"మిల్లు ఆగి ఉంది. కరెంటు లేదు."

ఆయన మిల్లు వైపు తిరిగి చూశాడు. పొగగొట్టం చూశాడు. గేటు దగ్గర ఖాళీగా కూర్చున్న హమాలీలను చూశాడు. "అవునా" అన్నాడు.

తరువాత దాచలేదు. కుడి చెవి పూర్తిగా పోయి మూడేళ్ళయింది. ఎడమది గట్టిగా అరిస్తే కొంత వినపడుతుంది. చెవి మిషను పెట్టి చూశాడు గాని మిల్లు మోతను అది పదింతలు చేసిందట. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ళతో పట్టుకుంటే లోపలిది తెలుస్తుంది. కాని బండి నడుస్తుండగా ఆ పని చేయలేడు. నడిచే బండి సంగతి తెచ్చినవాళ్ళ నోళ్ళు చూసే తెలుసుకుంటున్నాడు. సరదాకు మొదలైన పద్ధతే ఆయనకు తరువాత ఆధారమైంది.

"ఎవలికి చెప్పకు టీచరమ్మా" అన్నాడు. "చెవుల్లేని మిస్త్రీకి బండి ఎవడిస్తడు? నాకు ఇంకో పని రాదు."

"చెప్పనని మాట ఇవ్వలేను. నిన్న లారీ మా పక్కనుంచి పోయింది. వెనక మా వారు ఉన్నారు."

"సాబ్‌కు ఏం కాలేదు గదా?"

"కాలేదు. రేపు ఇంకొకరికి అవుతుంది. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. నా మాట అయిపోయిందో, ఇంకా ఏమైనా వస్తుందో చూస్తున్నట్టు. ఇంకేమీ రాలేదు. "ఆదివారం దాకా ఆగు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి షెడ్డు తెరవలేదు. స్పేర్ పార్టుల దుకాణం ఆయన నాకు ఫోన్ చేశాడు. "ఏమంటివి టీచరమ్మా ఆయన్ను? మూడు దినాలాయె షట్టరు తీయక. నీ లెక్కల పరీక్షల ఫెయిలు చేసినవా ఏంది?" అన్నాడు. సంగతి బయటపెట్టకుండా ఫోన్ పెట్టేశాను. ఆ మూడు రోజులూ నేను సరైన పనే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ఇక షెడ్డు తెరవడేమో అని కూడా అనుకున్నాను. రెండు ఆలోచనలూ పక్కపక్కనే ఉన్నాయి. ఏదీ రెండోదాన్ని తోసేయలేదు.

సోమవారం వెళ్ళేసరికి షట్టరు తీసి ఉంది. మిల్లు ఆడుతోంది. ఐదుగురు బండ్లతో వచ్చి ఉన్నారు. ఆయన బల్ల మీద నిలబడి, తన చెవి పట్టుకుని చూపిస్తూ అందరికీ వినపడేలా అరుస్తున్నాడు. "ఇది పోయింది! ఇది ఇంత ఉన్నది! బండి తిప్పి చూసేటప్పుడు మీరు పక్కన కూసోవాలె. చప్పుడు రాంగనే నా చెయ్యి మీద కొట్టాలె. ఇష్టముంటే పెట్టుండ్రి, లేకుంటే తీస్కపోండ్రి!"

"ఇన్నేండ్లు కోతుల లెక్క మమ్మల్ని ఆడిస్తివి గదనే!" అని ఒక జీపు ఆయన మండిపడ్డాడు.

"ఆడినవ్. నీ జీపు నడిచింది. ఇంకేం గావాలె?" అన్నాడు మిస్త్రీ.

కొందరు నవ్వారు. జీపు ఆయన నవ్వలేదు. తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇంకొకరు వెళ్ళారు.

మిస్త్రీ బల్ల దిగి నా దగ్గరికి వచ్చాడు. మా కారు చక్రంలోంచి తీసిన బేరింగును నా చేతిలో పెట్టాడు. లోపల గ్రీజు ఎండి బొగ్గయింది. ఉక్కు వేడికి నీలంగా మారింది. గ్రీజు ఎండిన బేరింగుకు మొదట్లో వదులు కనిపించదట. ఊపి చూస్తే దొరకదు, వింటేనే దొరుకుతుందట.

"ఇప్పుడు చెప్పు టీచరమ్మా. ఆ దినం ఏం వింటివి?"

ముగ్గురు మగవాళ్ళు మిగిలి ఉన్నారు. నేను పుస్తకం మూసి సంచిలో పెట్టాను. పెదాలు కలిపి, "ఊఁ... మ్" అని మొదలుపెట్టి, కారు వేగం పెరిగినకొద్దీ అది ఎలా పెరిగేదో అలా పెంచుకుంటూ పోయాను. ఎవరూ నవ్వలేదు. ఆయన నా మొహం మీది నుంచి చూపు తీయలేదు.

"తుమ్మెద" అన్నాడు. "కుడి దిక్కు మలిపితే తగ్గేదా?"

"తగ్గేది."

"ఈ ఒక్క ముక్క ఆ దినం అంటే..." అని ఆపేసి, కొత్త బేరింగులో అరచేత్తో గ్రీజు కూరడం మొదలుపెట్టాడు.

పాత కారున్నవాళ్ళకు నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే. మిగిలినవన్నీ ఆయనవి. మిస్త్రీ దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు విన్నది చెప్పండి. మీరు అనుకున్నది చెప్పకండి. నేను విన్నది తుమ్మెద. రాసింది రాపిడి. రెండు ఇనుములు రాసుకుంటే తప్ప చప్పుడు రాదని నేనే తేల్చుకుని, ఆ తేల్చుకున్నది కాగితం మీద పెట్టాను.

ఆ ఏడాది ఆయనకు పని సగానికి సగం తగ్గింది. టాక్సీల వాళ్ళు వేరే షెడ్డుకు మళ్ళారు. పాత బండ్ల వాళ్ళు మాత్రం ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. వాటిని ముట్టుకునే మిస్త్రీలు వేరే ఎవరూ లేక వచ్చారు తప్ప దయతో కాదు. జీపు ఆయన రాలేదు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఆ సరైన పని బరువు మాత్రం ఆయన ఒక్కడి మీదే పడింది. ఆ తరువాత ఆయన ఆ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు.

పోయిన వానాకాలం క్లచ్ ప్లేటు మార్చాక కారు తిప్పి చూడ్డానికి బయలుదేరాం. ఆయన నడుపుతున్నాడు. నేను ఎడమ పక్కన కూర్చున్నాను. వెనక మా వారు. అన్ని అద్దాలూ దించి ఉన్నాయి. వాన అప్పుడే వెలిసింది. ఎప్పుడూ కాలువ వంతెన దగ్గర వెనక్కి తిప్పేవాడు. వంతెన రాబోతుండగా, "ఏం వినవడుతున్నది టీచరమ్మా?" అన్నాడు.

"కారులో ఏమీ లేదు. బాగుంది" అన్నాను, తరగతి గదిలో వెనక బెంచీకి చెప్పే గొంతుతో.

"కారుది కాదు. బయట."

నేను కాస్త ఆగి విన్నాను. "పంపుసెట్టు ఒకటి ఆడుతోంది. కాలువలో నీళ్ళు. ఎవరో మడిలో ఎద్దును అదిలిస్తున్నారు."

తల ఊపాడు. "ఇంక?"

"కప్పలు. నిజం కప్పలే. టైర్ల కింద తడి రోడ్డు. వెనక మా వారు గొణుగుతున్నారు."

"సాబ్ ఏమంటున్నడు?"

"తెలియదు. పాటలా ఉంది."

వంతెన వచ్చింది. ఆయన వెనక్కి తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ముందుకే చూస్తూ, వరిమళ్ళ మధ్యనుంచి నెమ్మదిగా పోనిచ్చాడు. "ఇంక?" అన్నాడు. నేను చెబుతూనే ఉన్నాను.